బోరెంలో కొబ్బరి చెట్టు

చెట్టును నేలలోనే నాటాలని మొదట ఎవరు చెప్పారో నాకు తెలియదు. చెప్పినవాళ్లకు నేల ఉండి ఉంటుంది. జనగామలో మా ఇంటికి అది లేదు. ముందు దుకాణం, వెనక వంటిల్లు, మధ్యలో వాకిలి. వాకిలి పొడుగునా బండలే. మా బాపు పప్పుధాన్యాల వ్యాపారి. బండల సందులో గడ్డిపరక మొలిచినా, సరుకులో రాయి వచ్చినంత బాధపడేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన ఏడు కాలేజీలు మూతబడ్డాయి. హన్మకొండలో హాస్టల్లో ఉండి వృక్షశాస్త్రం చదువుతున్న నన్ను బాపు స్వయంగా వచ్చి, రైలెక్కించి, ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టగలిగాడు గానీ నోరు మూయించలేకపోయాడు. ఊరేగింపుల్లో తెరుచుకున్న గొంతు అది. అమ్మతో వాదించాను, వదినతో వాదించాను, పాలలో నీళ్ల గురించి పాలవాడితో వాదించాను. వాదించడానికి మనుషులు అయిపోయాక చెట్ల మీద పడ్డాను.

కావలసిన సామానంతా ఇంట్లోనే ఉంది. దుకాణం వెనక ఖాళీ గోనెసంచులు నడుమెత్తు పేర్చి ఉండేవి. ఎలుకలు కొరికినవీ కుట్లు ఊడినవీ బాపు ఒక మూలకు విసిరేసేవాడు. వాటిని ఏరుకొచ్చి, ఒకదాంట్లో ఇంకోటి దూర్చి, మూతిని చొక్కా చేతిలా బయటికి మడిచి, సుతిలితో కుట్టేదాన్ని. చెరువు మట్టి, పశువుల ఎరువు, వడ్ల ఊక కలిపి నింపి, ఒకదాంట్లో నిమ్మ, ఒకదాంట్లో జామ, ఒకదాంట్లో దానిమ్మ పెట్టాను.

అమ్మ చీపురు పట్టుకుని వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"చెట్లకు లాగులు తొడుగుడేందే?"

"బండల మీద బరిబాతల నిలబెడితే బాగుంటదా మరి?"

అమ్మ దుకాణం వైపు తిరిగి, "ఇనబడుతున్నదా? దీన్ని ఇంకా చదివిస్తవా?" అని కేక వేసింది. బాపు లోపల్నుంచి దగ్గాడు. మా ఇంట్లో ఏ ప్రశ్నకైనా బాపు దగ్గరున్న జవాబు అదే.

పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు కుటుంబం అద్దెకుండేది. ఇంజనీరు భార్య మంచిదే. కానీ నేను 'వచ్చినం, పోయినం' అన్నప్పుడల్లా ఆమె పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చి కూర్చునేది. గొడవలు ముదిరి వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోతున్న రోజు, మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి మా గడప మీద పెట్టింది.

"మా ఊరి కాయమ్మాయ్. పారెయ్యలేక ఇస్తున్నాను. ఇక్కడెలాగూ బతకదులే."

"ఎందుకు బతకదు?"

"మీ నేల పడదు దానికి."

"అయితే నేలల పెట్టను," అన్నాను.

కొబ్బరికి పప్పుల సంచి చాలదు. పత్తి మార్కెట్టుకు పోయి, పత్తి తొక్కి నింపే పెద్ద గోనె బోరెం ఒకటి అడిగి తెచ్చి, దాన్ని సగానికి మడిచి అందులో పెట్టాను.

మొదటి వానలకే నా చదువు బండల మీద పడింది. సంచుల అడుగున నీళ్లు నిలిచి గోనె కుళ్లిపోయింది. ఊడవడానికని అమ్మ జామ సంచిని ఎత్తితే చెట్టు ఆమె చేతిలోకి వచ్చింది, మన్ను మొత్తం వాకిట్లోనే ఉండిపోయింది. అమ్మ తిడుతుంటే నేను వేళ్లు చూస్తున్నాను. కుండలో పెట్టిన మొక్క వేళ్లు గోడ తగలగానే గానుగెద్దులా దాని చుట్టే తిరిగి తిరిగి చుట్ట అయిపోతాయి. ఈ జామ వేళ్లు అలా తిరగలేదు. గోనె దాకా వచ్చి, కన్నాల్లోంచి బయటికి తొంగిచూసి, గాలి తగలగానే కొస ఎండి ఆగిపోయాయి. ఆగినచోటికి వెనక నాలుగేసి పిల్ల వేళ్లు వేశాయి. సంచి నిండా మెత్తటి వేళ్ల జాలీ. ఆ ఆనందంలో అమ్మకు అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టాను.

"చూడమ్మా, వేరుకు సిగ్గెక్కువ. గాలి మొఖం చూడంగనే ఆగిపోతది."

"నీకు లేని సిగ్గు దానికెట్ల వచ్చిందే?" అంది అమ్మ, చీపురు ఆపకుండా.

అప్పట్నుంచి ప్రతి సంచి కింద నాలుగు ఇటుకలు పెట్టాను. అడుగున గాలి ఆడాలి, నీళ్లు జారిపోవాలి, వేరు నేలను ముట్టకూడదు. గోనె చివికితే పాతది తియ్యకుండానే పైన ఇంకోటి తొడగాలి, చిరిగిన బనీను మీద చొక్కా వేసుకున్నట్టు. ఇంతే నా విద్య. కాలేజీ మళ్లీ తెరిస్తే పరీక్ష రాసి, పాసయ్యాక కూడా నాకు నిజంగా వచ్చింది ఇదొక్కటే.

పెళ్లిచూపులకు వచ్చినాయన నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "ఆ సంచులల్ల ఏమేం ఉన్నయి?" వంట వచ్చా, కుట్టు వచ్చా అని అడగనందుకు ఒప్పుకున్నాను. ఆయన పశువుల దవాఖానలో కంపౌండర్. ఉద్యోగం మహబూబాబాద్‌లో, మా నోళ్లలో మానుకోటలో. నా సంచులు సామాను డబ్బాలో ఎక్కాయి. కొబ్బరి అప్పటికే నా భుజం దాకా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద మా అత్త, "కోడలు చెట్లను అరణం తెచ్చుకుంటున్నది," అని అందరికీ చెప్పింది. గర్వంతో చెప్పిందో ఏడుపుతో చెప్పిందో ఇప్పటికీ తేలలేదు.

మానుకోటలో మేం అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు అరవై దాటిన అవ్వ. నాలుక మాత్రం పదహారేళ్లది. ఆమెకు ఒక బర్రె ఉండేది. ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఆమె చూసిన అర్హత ఒక్కటే, మా ఆయన పశువుల దవాఖానలో పనిచేయడం. మొదటి రోజు నుంచే ఆయన్ను 'డాక్టర్ సాబ్' అని పిలిచింది. దవాఖానలో అసలు డాక్టరు కూడా అంత మర్యాద ఎరగడు. ఆ పిలుపు వినగానే మా ఆయన వెన్ను రెండంగుళాలు నిటారయ్యేది. అది నేను గమనించాను గానీ, దాని ప్రమాదం గమనించలేదు.

నా సంచులు దింపుతుంటే అవ్వ తన రూలు చెప్పింది. మా కంటే ముందున్నాయన కరివేపాకు చెట్టు నాటి, ఖాళీ చేసేటప్పుడు తవ్వుకుని పోయాడట. ఆ గుంతలో బర్రె కాలు పడి నెల రోజులు కుంటిందట.

"గప్పట్నుంచి ఒకటే మాట బిడ్డా. నా నేలల వేరు దిగినదేదైనా నాదే. తర్వాత లొల్లి వెట్టుకోవద్దు."

"నా చెట్లకు నీ నేలతోటి పనే లేదవ్వా. ఇటుకల మీద ఉంటయి."

అవ్వ ఇటుకలకేసి చూసి, "చెట్లకు పీటలేసినవ్. విస్తర్లు గూడ ఏస్తవా?" అంది.

నాలుగేళ్లు అలా గడిచాయి. నేను ఇటుకలు సర్దేదాన్ని, ఆమె ఎగతాళి చేసేది. మా ఇద్దరికీ పొద్దుపోవడానికి అది చాలు. తర్వాత నాకు నెలలు నిండాయి, పురిటికి జనగామ పోవలసి వచ్చింది. తొలి కాన్పంటే మా ఇళ్లలో పుట్టింటి నుంచి ఒక పట్టాన తిరిగి పంపరు. ఐదు నెలలు, అందులో ఎండాకాలమంతా, చెట్లు మా ఆయన చేతిలో పెట్టి పోయాను. ఎప్పుడెప్పుడు నీళ్లు పొయ్యాలో చెప్పాను, సంచి ఎంతెంత తిప్పాలో చెప్పాను, ఇటుకలు కదపొద్దని మూడుసార్లు చెప్పాను. ఆయన ఉత్తరాలు రాసేవాడు: 'కొబ్బరి బాగున్నది. అవ్వ గూడ మంచిగ చూసుకుంటున్నది.' ఆ రెండో మాట చదివిన రోజే నేను రైలెక్కాల్సింది.

పాపను ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి కొబ్బరి నల్లటి ఆకుపచ్చలో మెరిసిపోతోంది. రెండు కొత్త మట్టలు వేసింది. దాని కింద ఇటుకలు లేవు. బోరెం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇటుకలేవి?"

"ఎండకు సలసల కాగినయి," అన్నాడు మా ఆయన. "డాక్టర్ సాబ్, చెట్టు కాళ్లు కాలుతున్నయి, జర దించుండ్రి అన్నది అవ్వ. నాకు గూడ నిజమే అనిపించింది."

"డాక్టర్ సాబ్ అన్నదా?"

ఆయన పాపను ముద్దు చేయడం మొదలుపెట్టాడు.

బోరేన్ని తోసి చూశాను. అంతకు ముందు నేనొక్కదాన్నే అటూ ఇటూ ఊపగలిగేదాన్ని. ఇప్పుడు గోడను తోసినట్టుంది. గోనె దాటిన వేళ్లకు గాలి బదులు తడి నేల దొరికింది, ఇక వాటిని పట్టేవాళ్లెవరు? అవ్వ బర్రెకు కుడితి కలుపుతూ నన్నే చూస్తోంది. "మంచిగ పెరిగింది గదా బిడ్డా," అంది. ఆ గొంతులో తేనె ఉంది. అప్పుడే ఎత్తి మళ్లీ ఇటుకల మీద పెట్టాల్సింది. చంటిపిల్లతో తీరలేదు. అదీగాక, ఒప్పుకోవాలి, చెట్టు అంత అందంగా ఎన్నడూ లేదు. బదిలీ అయినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఏడాది తిరగకముందే బదిలీ కాగితం వచ్చింది. భూపాలపల్లి. పదిహేను రోజుల్లో చేరాలి.

"నిమ్మ తీస్కపో, దానిమ్మ తీస్కపో," అంది అవ్వ. "కొబ్బరి నాది."

"సూద్దాం," అన్నాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అవ్వ పడుకుంటే గురక వీధి దాకా వినిపిస్తుంది. ఆ గురకే నా గడియారం. మొదలవగానే మా ఆయన చెట్టును భుజంతో ఒక పక్కకు ఆనించి పట్టుకునేవాడు, నేను కొడవలి బోరెం కిందికి దూర్చి రోజుకు జానెడు మేర వేళ్లు కోసేదాన్ని. చప్పుడు వినబడకుండా పక్కన బొంతమీద పడుకోబెట్టిన పాపకు జోల పాడేదాన్ని. పాప నిద్రపోయాక కూడా పాడాను. నా పాటకు అది లేచి ఏడ్చేది, నాకు ఇంకా నయమే అయ్యేది.

"గిది తప్పు కాదా?" అన్నాడు మా ఆయన ఒకరోజు, చెమటలు కక్కుతూ.

"బర్రెకు సూది ఏసేటప్పుడు దాన్ని అడిగి ఏస్తరా?"

అన్నానే గానీ నాకు లోపల బెరుగ్గానే ఉంది. నిమ్మ వేరు తెగితే వెనక నాలుగు పుడతాయి. కొబ్బరిది ఆ గుణం కాదు. తెగిన వేరు చాలావరకు చచ్చినట్టే, మొదట్లోంచి కొత్తది రావాలి. వచ్చేదాకా చెట్టు ఓపిక పట్టాలి. ఐదారు రోజులకే కింది మట్ట ఒకటి పసుపెక్కి వాలింది. అవ్వ దాన్ని నిమిరి, "సూసినవా, నన్ను ఇడిసి పోనని దిగులు వెట్టుకున్నది," అంది. నేను తల వంచుకుని అంట్లు తోమాను.

లారీ వచ్చిన రోజు వాడకట్టంతా మా వాకిట్లోనే ఉంది. అవ్వే పిలిచింది, సాక్షులు కావాలని. కొబ్బరి పక్కన, పిల్లను కాచుకున్నట్టు నిలబడింది.

"గిది కదిలేది కాదు బిడ్డా. నా నేల పట్టుకున్నది."

"కదిలితే?"

"కదిలితే నీది. గీ నలుగురిల జెప్తున్న."

ఇద్దరు హమాలీలు బోరెం కింద చేతులు పెట్టి ఒక్క ఊపు ఊపారు. అలవోకగా లేచింది. బలం ఎక్కువై ఒకాయన వెనక్కి రెండడుగులు వేశాడు కూడా. జనం ఓహో అన్నారు. అవ్వ వంగి, బోరెం లేచిన చోట తడి మన్నులో చెయ్యి పెట్టి కెలికింది. తెల్లటి కోతలతో తాళ్లలాంటి వేరు ముక్కలు బయటపడ్డాయి.

"గివి కోసినయి గద?"

నాకు వాదించే జబ్బుంది గానీ అబద్ధమాడే జబ్బు లేదు. "కోసినయే."

"దొంగముండా!"

"దొంగతనమెట్లయితదవ్వా? నీ నేలల దిగిన వేరు నీదే అన్నవు. గందుకే నీయి నీకు ఇడిసిపెట్టిన. ఒక్కటి గూడ తీస్కపోతలేను. నా సంచిల ఉన్నది నాది."

హమాలీలు బోరెం కింద పెట్టి మరీ నవ్వారు. వాడకట్టు నవ్వింది. నేను పాపను చంకలో సర్దుకుని గెలిచినట్టు నిలబడ్డాను. అవ్వ చేతులు దులుపుకుని, మా ఆయన వైపు తిరిగింది.

"డాక్టర్ సాబ్, మీరే జెప్పుండ్రి. ఎండకాలం సంచి కుంగితే ఏ మన్ను పోసిన్రు?"

మా ఆయన నా వైపు చూశాడు, నేను కళ్లతో చెప్పాల్సింది చెప్పాను. ఆయన వెన్ను మాత్రం నిటారైంది. "మీ పెరటిదే. రెండు తట్టలు."

"ఇన్నరా? చెట్టు తీస్కపో బిడ్డా. నా మన్ను నాకు పోసిపో."

అంతమంది ముందు వెనక్కి తగ్గడం నాకు చేతకాదు. పాపను మా ఆయన చేతిలో పెట్టి, తట్ట తెచ్చి, చెట్టు మొదలు దగ్గర కూర్చుని మన్ను తోడడం మొదలుపెట్టాను. ఒక తట్ట నిండింది. వేళ్లు బయటపడ్డాయి, ఎర్రటివి, సన్ననివి. కోతకు మిగిలినవి అవే. నా చేతికి తగిలి ఒకటి పుటుక్కుమంది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో "ఇగ సాలు తియ్యుండ్రి," అన్నారు. అవ్వ ఆపమనలేదు, నేను ఆపలేదు. రెండో తట్ట జరుపుకుని చెయ్యి పెట్టగానే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. బర్రె పలుపు పట్టే చెయ్యి, నొప్పి పుట్టింది.

"ఆగవే. సస్తది."

"నీ మన్ను నీకొద్దా?"

"నోర్ముయ్."

తట్ట ఎత్తి తనే మన్నంతా మళ్లీ పోసింది. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల సందుల్లోకి మన్ను దూర్చి, రెండు అరచేతులతో అదిమింది. చెంబెడు నీళ్లు తెచ్చి సన్నటి ధారగా పోసింది. నేను ఇంట్లో లేని ఐదు నెలలు అలాగే పోసి ఉంటుంది. లేచి, నా మొహం చూడకుండా హమాలీలతో, "జర పయిలంగ ఎక్కియ్యుండ్రి," అంది. తర్వాత నాతో, "మన్ను నీకిచ్చిన అనుకునేవ్. ఇయ్యలే. చెట్టుతోటి తోలుతున్న. నేనొచ్చి సూస్కుంట," అంది.

ఆ రోజుల్లో భూపాలపల్లి అంటే అడవి అంచున ఒక ఊరు. మాకు దొరికిన ఇంటికి వాకిలి పెద్దది. నేల మెత్తగా ఎర్రగా ఉంది, ఏది గుచ్చినా దిగేలా. అయినా ఇటుకలు తెచ్చి పరిచాను. నిమ్మకు నెలలోనే కొత్త చిగుళ్లు వచ్చాయి. కొబ్బరి మాత్రం మట్ట తర్వాత మట్ట వాల్చింది. నడుమ మొవ్వు ఒక్కటే నిలబడింది, ఇంకా విచ్చుకోని లేతాకు, మూసిన గొడుగులా. అది పక్క మట్టకు ఎంత పైన ఉందో రోజూ పొద్దున్నే చూసేదాన్ని. పెరగలేదు. కొబ్బరికి కొమ్మలుండవు, ఆ మొవ్వే దాని ప్రాణం. పట్టుకుని మెల్లగా లాగితే తెలుస్తుంది. లోపల కుళ్లి ఉంటే ఊడి చేతికొస్తుంది, ఇక అయిపోయినట్టే. రెండు నెలలు నేను దాన్ని ముట్టుకోలేదు.

"లాగి చూద్దామా?" అన్నాడు మా ఆయన.

"చెయ్యి ఇరగ్గొడుత."

వాదనలో గెలిచిన వస్తువు ఎదురుగా ఇటుకల మీద ఉంది, దాన్ని ముట్టుకోవడానికే నాకు ధైర్యం లేదు. నలుగురి ముందు ఆ ఒక్క మాట అనే సుఖం కోసం కదా కోశానని, పొయ్యి ముందు కూర్చుని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. బయటికి మాత్రం ఎవరడిగినా, కొత్త చోటు కదా, అలవాటు పడుతుందిలే అనేదాన్ని.

బతుకమ్మ పండుగ పోయిన వారానికి అవ్వ దిగింది. హన్మకొండలో బస్సు మారి, చేసంచితో, కాళ్ల నిండా దుమ్ముతో. బాగున్నావా లేదు, పాప ఏదీ లేదు, చెప్పులు విడవకుండా తిన్నగా కొబ్బరి దగ్గరికి పోయింది.

"నా మన్ను ఎట్లున్నది?"

వేలు గుచ్చి తడి చూసింది. వాలిన మట్టలు చూసింది. ఇటుకలు చూసి పెదవి విరిచింది. తర్వాత మొవ్వు దగ్గర ఆగింది.

"లాగి సూసినవా?"

"లేదు."

"ఎందుకు?"

నేను వంగి, సరిగ్గానే ఉన్న ఇటుకను సర్దాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"లాగు," అంది.

"నువ్వు లాగు."

"చెట్టు నీదన్నవు గద. నీ సంచిల ఉన్నది నీదే అన్నవు గద, నలుగురిల."

"మన్ను నీది గద. దాంట్ల ఏమన్న అయితే నీ మన్నుదే తప్పు."

"వేర్లు కోసిందెవరే?"

"నేలల దింపిచ్చిందెవరు?"

అరుపులు విని మా ఆయన బయటికి వచ్చి, పోనీ నేను లాగనా అన్నాడు. "మీరు దూరముండ్రి డాక్టర్ సాబ్!" అని ఇద్దరం ఒక్క గొంతుతో అరిచాం. ఆయన్ను ఆ పేరుతో నేను పిలవడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

చివరికి అవ్వే కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "కండ్లు మూస్కో," అంది నాతో. నేను మూసుకోలేదు. మొవ్వును పిడికిట్లో పట్టుకుని మెల్లగా పైకి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. లోపలెక్కడో కిర్రుమంది గానీ, పట్టు వదల్లేదు.

"సాలు! ఇంక లాగితే నువ్వే సంపుతవు, ఇడువు!" అని ఆమె చెయ్యి గుంజేశాను.

అవ్వ పిడికిలి విప్పి అరచెయ్యి వాసన చూసుకుంది. కుళ్లు లేదు. నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. పచ్చి వాసన.

"నా మన్ను మంచిది. గందుకే బతికింది."

"ఇటుకలు పెట్టిన. గందుకే బతికింది."

ఆ పూట ఇద్దరం వాకిట్లోనే, కొబ్బరి పక్కనే కూర్చుని అన్నం తిన్నాం. తినడమయ్యాక అవ్వ లేవకుండానే చెయ్యి చాపి, నీళ్లు వంపుకుని, బోరెంలోకి కడుక్కుంది.

"ఎంగిలి నీళ్లు చెట్టుకు పోస్తరా అవ్వా?"

"చెట్టుకు ఎవరు పోసిన్రు? నా మన్నుల నేను పోసుకుంటున్న," అని, మూతి తుడుచుకుంది.